కాపాడి తెచ్చిన గుర్రాలను చలికాలం దాటించడం ఎలా?

ఒంటి మీద కండ, చర్మం కింద కాస్త కొవ్వు, దట్టంగా పెరిగిన బొచ్చు ఉన్న గుర్రం చలిని బాగానే తట్టుకుంటుంది. ఆకలితో మాడి, వదిలేయబడి, దెబ్బలు తిని వచ్చిన గుర్రం సంగతి వేరు. దాని దగ్గర ఈ మూడింట్లో ఏదీ ఉండదు. పైగా ఇలాంటి గుర్రాలను చూసుకునేది చాలావరకు వాలంటీర్లే. పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు, వారాంతంలో మరొకరు వస్తారు. అందరికీ ప్రేమ ఉంటుంది. కానీ నిన్న ఎలా ఉందో, ఇవాళ ఏం మారిందో తెలిసిన మనిషి ఒక్కరూ లేకపోతే ఆ ప్రేమ గుర్రానికి అందదు. మంచి మేత, మంచి నీళ్లు, గాలి తగలని చోటు, వీటితోపాటు తెగని గమనింపు కావాలి. అది ఏర్పాటు చేసుకునే పద్ధతి చూద్దాం.

1. వచ్చిన మొదటి పది రోజులు

కొత్త గుర్రాన్ని నేరుగా మిగతావాటితో కలపకండి. కనీసం రెండు వారాలు, వీలైతే నెల రోజులు విడిగా ఉంచండి. దాని బకెట్లు, బ్రష్షులు, తాళ్లు దానికే. మిగతా గుర్రాల పని పూర్తయ్యాకే దాని దగ్గరికి వెళ్లాలి, ఆ తర్వాత చేతులు, బూట్లు కడుక్కోవాలి. దవడ కింద గ్రంథులు వాచి చీము పట్టే స్ట్రాంగిల్స్ లాంటి జబ్బులు ఒక బకెట్ ద్వారా లాయం మొత్తానికి పాకగలవు. రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మామూలే.

ఎముకలు తేలిన గుర్రాన్ని చూడగానే ఎవరికైనా కడుపు నిండా పెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. చాలాకాలం ఆకలితో ఉన్న గుర్రానికి ఒక్కసారిగా గింజల దాణా పెడితే రక్తంలో ఇన్సులిన్ ఎగసిపడుతుంది. దాంతోపాటు ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరితిత్తులు, నరాలు దెబ్బతిని, మేత మొదలైన మూడు నుంచి ఐదు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కాపాడి తెచ్చాక తిండి వల్ల గుర్రం చనిపోవడం కన్నా బాధ ఇంకోటి ఉండదు.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి గుర్రాలకు రకరకాల మేతలు పెట్టి చూశారు. ఎండబెట్టిన అల్ఫాల్ఫా (లూసర్న్) గడ్డి అన్నిటికన్నా బాగా పనిచేసింది. అందులో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు, ఖనిజాలు ఎక్కువ. వారి పద్ధతి ఇది: మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి సుమారు అర కిలో గడ్డి, అంటే రోజుకు ఆరుసార్లు. నాలుగో రోజు నుంచి పరిమాణం మెల్లగా పెంచుతూ, పూటలు తగ్గిస్తూ రావాలి. ఆరో రోజుకు ఎనిమిది గంటలకోసారి సుమారు రెండు కిలోలు అవుతుంది. పదో రోజు తర్వాత తినగలిగినంత గడ్డి పెట్టవచ్చు. ఇదంతా పశువైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. నీళ్లు మాత్రం మొదటి గంట నుంచీ అందుబాటులో ఉండాలి.

నాలుగు గంటలకోసారి అంటే అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా. వాలంటీర్ల అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఇక్కడే. గుర్రం రాకముందే ఆ పది రాత్రులకు ఎవరెవరు వస్తారో పేర్లు రాసిపెట్టుకోండి. రాత్రి చలికి బక్క గుర్రం ఒంటి వేడి నిలుపుకోలేదు కాబట్టి మేత పెట్టడానికి వచ్చినవాళ్లే దుప్పటి సరిగా ఉందో లేదో కూడా చూసి వెళ్లాలి.

నులిపురుగుల మందు మొదటి రోజే పోయకండి. బలహీనంగా ఉన్న ఒంట్లో పురుగులన్నీ ఒకేసారి చస్తే పేగులకు ప్రమాదం. పేడ పరీక్ష చేయించి, ఎప్పుడు, ఏ మందు వేయాలో వైద్యులు చెప్పినట్టు చేయండి.

2. చేత్తో తడిమి చూడండి

చలికాలం బొచ్చు కళ్లను మోసం చేస్తుంది. గుండ్రంగా, నిండుగా కనిపించే గుర్రం బొచ్చు కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండొచ్చు. అందుకే వారానికోసారి చేతి తొడుగు తీసేసి, వేళ్లు బొచ్చు లోపలికి పోనిచ్చి ఆరు చోట్ల తడమాలి: మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు. 1983లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకే రూపొందించిన కొలమానం ప్రపంచమంతా వాడుకలో ఉంది. అందులో 1 అంటే అస్థిపంజరం, 9 అంటే విపరీతమైన ఊబకాయం. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేతికి మాత్రం సులువుగా తగులుతుంటే 5. చలికాలంలోకి 5 లేదా 6తో అడుగుపెట్టడం మంచిది.

తూకపు యంత్రం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించండి. దాన్ని భుజం ముందు భాగం నుంచి పిరుదు చివరి వరకు ఉన్న పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 170, పొడవు 150 అయితే సుమారు 365 కిలోలు. బాగా చిక్కిన గుర్రానికి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ పోతుంది. అయినా ప్రతి పదిహేను రోజులకు ఒకే మనిషి, ఒకే టేపుతో కొలిస్తే పెరుగుతోందా, తరుగుతోందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. మనకు కావలసింది అదే.

3. గడ్డి లెక్క ముందే వేసుకోండి

గుర్రం తిన్న గడ్డి పెద్దపేగులో పులుస్తూ వేడి పుట్టిస్తుంది. దాని కడుపులో ఎప్పుడూ వెలుగుతుండే కుంపటి అదే. చలి ఎక్కువైన రోజు దాణా పెంచడం కన్నా గడ్డి పెంచడం మేలు అనేది అందుకే.

కోలుకుని మామూలు మేతకు వచ్చిన గుర్రానికి రోజుకు దాని బరువులో దాదాపు 2 శాతం గడ్డి కావాలి. 450 కిలోల గుర్రానికి 9 కిలోలు. నాలుగు నెలలకు 1,080 కిలోలు, తొక్కి పాడుచేసేది కలుపుకుంటే సుమారు 1,200 కిలోలు. గుర్రాల సంఖ్యతో గుణించుకుని చలి మొదలయ్యేలోపే నిల్వ చేసుకోండి. నడిమధ్యలో గడ్డి అయిపోతే దొరికిందేదో కొనాల్సి వస్తుంది, గుర్రం కడుపు అంత హఠాత్తు మార్పును తట్టుకోదు.

బొచ్చు నిండుగా, పొడిగా ఉన్న గుర్రం సున్నా కన్నా ఎనిమిది డిగ్రీల దిగువ వరకు అదనపు మేత లేకుండానే నెట్టుకురాగలదు. బొచ్చు సరిగా రానిదానికి 5 డిగ్రీల దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ఆ హద్దు దాటాక తగ్గే ప్రతి డిగ్రీకి సుమారు 2 శాతం మేత ఎక్కువ కావాలి. ఐదు డిగ్రీలు తగ్గితే 9 కిలోల చోట 10 కిలోలు. వాన, గాలి తోడైతే ఇంకా ముందే పెంచాలి, ఎందుకంటే తడిసిన బొచ్చు వేడిని నిలపలేదు.

బూజు వాసన వచ్చే గడ్డిని నిర్మొహమాటంగా పారేయండి, ఎవరు దానంగా ఇచ్చినా సరే. నేల తగలకుండా చెక్కల మీద, పైకప్పు కింద పేర్చండి. వీలైతే గుర్రాలు ఉండే చోటికి దూరంగా ఉంచండి. తేమతో కట్టిన మోపులు లోలోపల వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు.

ముసలి గుర్రాలు గడ్డిని నమిలి ఉండలు ఉండలుగా ఉమ్మేస్తుంటే పళ్లు అరిగాయని అర్థం. వైద్యులకు చూపించి, గడ్డి గుళికలను నీళ్లలో బాగా నానబెట్టి పెట్టండి.

4. నీళ్లు

చలికాలంలో కడుపునొప్పితో గుర్రాలు ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి ప్రధాన కారణం నీళ్లు తక్కువ తాగడం. పచ్చిక మేసేటప్పుడు సగానికి పైగా నీరు గడ్డిలోనే దొరుకుతుంది. ఎండుగడ్డిలో తేమ 15 శాతం మించదు. పైగా గడ్డకట్టేంత చల్లని నీళ్లను గుర్రాలు తక్కువగా తాగుతాయి. లోపల మేత గట్టిపడి పేగులో అడ్డుపడుతుంది.

450 కిలోల గుర్రానికి రోజుకు 20 నుంచి 40 లీటర్లు కావాలి. నీళ్లు 7 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే బాగా తాగుతాయి. మేత పెట్టిన వెంటనే గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి, అప్పుడే ఎక్కువ తాగుతాయి. రోజుకు 30 నుంచి 60 గ్రాముల ఉప్పు ఇస్తే దాహం పెరుగుతుంది. బక్క గుర్రానికి మాత్రం వైద్యులను అడిగే ఇవ్వండి. తొట్టిలో గడ్డకట్టిన పొరను కనీసం పొద్దున, సాయంత్రం పగలగొట్టాలి. మంచు తిని దాహం తీర్చుకుంటాయిలే అనుకోకండి, అది చాలదు. తొట్టిలో కరెంటు హీటరు పెట్టాక గుర్రం హఠాత్తుగా నీళ్లు మానేస్తే నీళ్లలోకి కరెంటు లీకవుతోందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

5. చోటు, దుప్పటి

మూడు వైపులా గోడ, పైన కప్పు, గాలి వీచే దిక్కుకు వెనక గోడ ఉంటే చాలా గుర్రాలకు అదే సరిపోతుంది. లాయాన్ని వెచ్చగా ఉంచాలని కిటికీలన్నీ మూసేయడం మాత్రం తప్పు. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. మీరు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ముక్కు మండితే గుర్రానికీ మండుతున్నట్టే. పడక పొడిగా, మందంగా వేయండి. గది హీటర్లు, పొడిగించిన వైర్లు, సిగరెట్లు లాయంలోకి రాకూడదు.

దుప్పటి అందరికీ అవసరం లేదు. బక్కగా ఉన్నవి, ముసలివి, జబ్బుతో ఉన్నవి, వెచ్చని ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవి, వీటికి తప్పనిసరి. నిండు బొచ్చున్న గుర్రానికి పలచటి దుప్పటి కప్పితే బొచ్చు అణిగిపోయి ఉన్న వేడి కూడా పోతుంది. కప్పిన దుప్పటిని రోజూ తీసి చూడాలి. మూపు, భుజాల దగ్గర చర్మం ఒరుసుకుపోయిందా, లోపల చెమట పట్టిందా, తడిసిందా? తడి దుప్పటి కన్నా దుప్పటి లేకపోవడమే నయం.

గిట్టలు రోజూ శుభ్రం చేయండి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరించండి. బురదలో నిలబడిన కాళ్లకు పుండ్లు పడతాయి, అందుకే గేటు, తొట్టి దగ్గర నేల గట్టిగా ఉండేలా చూడండి. జారే చోట ఇసుక చల్లండి.

6. వాలంటీర్లతో పని

ఆరంభంలో యాభై మంది వస్తామంటారు. గడ్డకట్టే చలిలో, చీకటితో లేచి వచ్చేది కొందరే. ఆ కొందరినే లెక్కలో పెట్టుకుని ప్రణాళిక వేయండి. ప్రతి పూటకు ఒకరు, వాళ్లు రాలేకపోతే రావడానికి ఇంకొకరు. తుపాను వచ్చి దారులు మూసుకుపోతే సరిపోయేలా కనీసం మూడు రోజుల మేత, నీళ్లు, మందులు లాయం దగ్గరే ఉండాలి.

మేత, మందుల విషయంలో నిర్ణయం ఒకే మనిషిది కావాలి. మిగతావాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా సొంతంగా మార్చకూడదు. గడ్డిని చేతులతో అంచనా వేయనివ్వకండి. వేలాడే త్రాసుతో తూచి, గుర్రం పేరు రాసిన సంచుల్లో ముందురోజే నింపి పెడితే కొత్తవాళ్లు కూడా పొరపాటు చేయరు. జేబులో తెచ్చిన చిరుతిళ్లు చేత్తో పెట్టడం పూర్తిగా మానిపించండి.

లాయం తలుపు దగ్గర ఒక పుస్తకం తాడుతో కట్టి ఉంచండి. వచ్చిన ప్రతి మనిషీ నాలుగు విషయాలు రాయాలి: మేత మిగిల్చిందా, నీళ్లు ఎంత తాగింది, పేడ వేసిందా, తేడాగా ఏమైనా కనిపించిందా. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు పేడ వేస్తుంది. పొద్దున ఇద్దరికీ, మధ్యాహ్నం ఒకరికీ వేర్వేరుగా మామూలుగా అనిపించిన సంగతులు కాగితం మీద పక్కపక్కన చేరినప్పుడే జబ్బు బయటపడుతుంది.

దెబ్బలు తిన్న గుర్రానికి ఎత్తిన చెయ్యి, కర్ర, టోపీ, ఒక్కోసారి మగగొంతు కూడా భయం పుట్టిస్తాయి. దేనికి బెదురుతుందో దాని గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయండి. వీలైనంత వరకు అదే మనిషి అదే వేళకు వెళ్లాలి. మాట్లాడుతూ, భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. సరిగ్గా వెనకా, సరిగ్గా ముఖానికి ఎదురుగా గుర్రానికి కనపడదు. తాడును చేతికి చుట్టుకోకూడదు. గట్టి బూట్లు, హెల్మెట్, ధనుర్వాతం టీకా ఉన్నవాళ్లకే గుర్రాన్ని పట్టుకునే పని ఇవ్వండి. మిగతావాళ్లకూ పని తక్కువేం లేదు. బకెట్లు కడగడం, సంచులు నింపడం, దుప్పట్లు కుట్టడం, పుస్తకంలోని లెక్కలు ఎత్తిరాయడం, ఇవన్నీ గుర్రాన్ని ముట్టుకోకుండానే చేయగలిగినవి.

7. వెంటనే వైద్యులను పిలవాల్సిన సమయం

మేత మానేయడం, కాలితో నేల గీకడం, పదేపదే పొట్ట వైపు చూసుకోవడం, పొర్లడం, పేడ వేయకపోవడం కడుపునొప్పి గుర్తులు. మేత తీసేసి ఫోన్ చేయండి, వైద్యులు చెప్పకుండా ఏ మందూ ఇవ్వకండి. జ్వరం 38.6 దాటినా, 37 కన్నా తగ్గినా, పడుకున్నది లేవలేకపోయినా ఆలస్యం వద్దు. వణుకుతుంటే గాలి తగలని చోటికి తెచ్చి, పొడిగా తుడిచి, దుప్పటి కప్పి, గడ్డి ముందు పెట్టండి. అయినా ఆగకపోతే ఫోన్ చేయండి.

8. చలి తగ్గుతున్నప్పుడు

బొచ్చు రాలడం మొదలయ్యాక దుప్పట్లు ఒక్కొక్కటిగా తీయండి. అన్నిటికీ రాలి, ఒక ముసలి గుర్రానికి మాత్రం పొడుగ్గా అలాగే ఉండిపోతే అది హార్మోన్ల జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. కొత్త పచ్చికలో చక్కెర ఎక్కువ. గిట్టల్లో వాపు తెచ్చే లామినైటిస్ ప్రమాదం ఉంది కాబట్టి తొలిరోజు పదిహేను ఇరవై నిమిషాలు మాత్రమే మేపి, రెండు మూడు వారాల మీద పెంచుతూ పోండి. బయటికి వదలబోయే ముందు కడుపుకు ఎండుగడ్డి పెట్టండి. ఎవరు ఎంతసేపు మేపారో పుస్తకంలో రాస్తే తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ వదలకుండా ఉంటారు.