చైనీస్, జపనీస్, కొరియన్ పాఠ్యాన్ని మీ టూల్ సరిగా చూపాలంటే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టూల్స్ రాసే యువ డెవలపర్లకు జపాన్, కొరియా, చైనా వాడుకదారుల కోసం పనిచేయవలసి వచ్చినప్పుడు, ఆ భాషలు రావు కదా అన్న సంకోచం కలగడం సహజం. భాష రాకపోయినా ఈ పని చక్కగా చేయవచ్చు. ఆ లిపుల్లో స్వయంగా టైపు చేసి చూడకుండా మాత్రం చేయలేము. అందుచేత కోడ్ జోలికి వెళ్లేముందు విండోస్ సెట్టింగ్స్‌లోని ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ విభాగంలో జపనీస్, కొరియన్ భాషలను చేర్చుకోండి.

ఇప్పుడు మీ టూల్‌లోని కమాండ్ పెట్టెలో జపనీస్ కీబోర్డుతో ‘టోక్యో’ను రోమన్ అక్షరాల్లో toukyou అని కొట్టండి. ముందుగా అది హిరగానాలో, అంటే ఉచ్చారణను రాసే జపనీస్ లిపిలో, అడుగున గీతతో కనిపిస్తుంది. స్పేస్ నొక్కితే కంజి రూపాలు, అంటే చైనీస్ నుంచి వచ్చిన అక్షరాలు, వస్తాయి. ఎంటర్ నొక్కితే ఎంచుకున్న రూపం ఖాయమవుతుంది. ఈ ఎంటర్ కేవలం మాటను ఖాయం చేయడానికే. కానీ మీ కోడ్ దానిని ‘కమాండ్ నడుపు’ అని అర్థం చేసుకుంటే, వాడుకదారు వాక్యం సగంలో ఉండగానే కమాండ్ వెళ్లిపోతుంది. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించేవారికి ఈ లోపం ఎన్నటికీ కనబడదు, జపాన్‌లో వాడేవారికి మాత్రం రోజూ ఎదురవుతుంది. కాబట్టి అన్నిటికన్నా ముందు దీనినే సరిచేయాలని నా గట్టి అభిప్రాయం. మాట ఇంకా ఖాయం కాని ఈ దశను కంపోజిషన్ అంటారు. బ్రౌజర్ ఆధారిత టూల్ అయితే, మీట నొక్కినప్పుడు వచ్చే కీడౌన్ ఈవెంట్‌లో ‘ఈజ్‌కంపోజింగ్’ (isComposing) నిజమైనప్పుడు ఎంటర్‌ను వదిలేయాలి. సఫారీలో కంపోజిషన్ ముగిసిన తరువాత కీడౌన్ రావచ్చు గనుక, కీకోడ్ 229 అయినా వదిలేయాలని అదనంగా రాయాలి.

తరువాతది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా భద్రపరిచే పద్ధతి. ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనండి, ఎందుకంటే జపనీస్ విండోస్‌లో సిస్టమ్ ఎన్‌కోడింగ్ సాధారణంగా సీపీ932 (షిఫ్ట్-జిస్ అనే జపనీస్ ఎన్‌కోడింగ్‌కు విండోస్ రూపం) అయి ఉంటుంది. పాత షిఫ్ట్-జిస్ ఫైళ్లలో కటకానా (మరో జపనీస్ లిపి) ‘సో’ అక్షరపు రెండో బైటు 5సి, అంటే ఆస్కీలో బ్యాక్‌స్లాష్; బైట్ల మీదే వెతికే పార్సర్ దానిని ఎస్కేప్ గుర్తుగా పొరబడుతుంది. ముందు డీకోడ్ చేసి, ఆపైనే వెతకాలి.

బైట్ల లెక్కతో పాఠ్యాన్ని కత్తిరించకూడదన్నది మనకు కొత్త సంగతి కాదు: ‘శ్రీకాకుళం’ చదివేవారికి నాలుగు అక్షరాలే అయినా, యూనికోడ్‌లో 10 కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య), యూటీఎఫ్-8లో 30 బైట్లు. చైనీస్ అక్షరాల్లో వాడుకలో ఉన్నవి చాలావరకు మూడు బైట్లవి. అరుదైన ఇంటిపేర్లలో నాలుగు బైట్లవీ వస్తాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో మూడు బైట్లకే పరిమితమైన పాత ‘యూటీఎఫ్8’ కాక ‘యూటీఎఫ్8ఎంబీ4’ ఎంచుకోవలసింది అందుకే.

టెర్మినల్‌లో పట్టికలు ముద్రించే టూల్ అయితే వెడల్పు మీద శ్రద్ధ అవసరం. ఒక్కో కంజి లేదా హంగుల్ (కొరియన్ లిపి) అక్షరం రెండు గళ్లను ఆక్రమిస్తుంది గనుక, అక్షరాల సంఖ్యను బట్టి ఖాళీలు చేర్చితే నిలువు వరుసలు చెదిరిపోతాయి. పైథాన్‌లో ‘యూనికోడ్‌డేటా’ మాడ్యూల్‌లోని ఈస్ట్ ఏషియన్ విడ్త్ ఫంక్షన్ డబ్ల్యూ (వైడ్) లేదా ఎఫ్ (ఫుల్‌విడ్త్) అని చెప్పిన అక్షరానికి రెండు గళ్లు లెక్కకట్టండి.

కొరియన్‌లో మరొక చిక్కు ఉంది. ‘హాన్’ అన్న హంగుల్ అక్షరం ఎన్ఎఫ్‌సీ (భాగాలు కలిపిన) రూపంలో ఒకే కోడ్ పాయింటు, ఎన్ఎఫ్‌డీ (భాగాలు విడదీసిన) రూపంలో మూడు. తెరపై రెండూ ఒకేలా కనిపించినా, పోల్చినప్పుడు వేరువేరుగా తేలతాయి. ఫైలు పేర్లను, వెతికే మాటలను పోల్చేముందు రెండువైపులా ఎన్ఎఫ్‌సీలోకి మార్చాలి.

ఫాంట్ల విషయంలో, ఒకే కోడ్ పాయింటును జపాన్‌లో ఒక తీరుగా, చైనాలో మరొక తీరుగా రాసే సందర్భాలున్నాయి కాబట్టి, వెబ్ పేజీలో భాషను తెలిపే ‘లాంగ్’ (lang) గుణానికి సరైన భాష ఇవ్వండి. చివరగా, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ ఈ లిపుల్లోని ఫైలు పేర్లను అంకెల గుర్తులుగా చూపిస్తూంటే ‘కోర్.కోట్‌పాత్’ అమరికను ‘ఫాల్స్’ చేస్తే పేర్లు యథాతథంగా కనిపిస్తాయి.