‘ఆ సాహిలో ఇల్లా?’ అంటే ఏం చూసుకోవాలి

ఒడిశాలోని బరంపురంలో అద్దె ఇల్లు వెతుకుతుంటే, ఏదో ఒక సాహి (అంటే పేట) పేరెత్తగానే "అక్కడా? వద్దు బాబూ" అనే మాట తప్పకుండా వినబడుతుంది. ఆ మాట విని వెనక్కి రావద్దు, కొట్టిపారేయనూ వద్దు. అన్నవాళ్లనే మూడు సంగతులు అడగండి: ఏం జరిగింది, ఎప్పుడు, ఏ సందులో? చాలాసార్లు పదిహేనేళ్ల కిందటి కొట్లాటో, ఇప్పుడుందో లేదో తెలియని సారా దుకాణమో తేలుతుంది. "అక్కడి జనం అంతే" అన్నది తప్ప ఇంకేమీ రాకపోతే, అది కులం మీదో పేదరికం మీదో పడ్డ నింద. ఆ నింద వల్ల అక్కడి పిల్లలకు సంబంధాలు కుదరవు, పనులు దొరకవు. దాన్ని మోసుకొచ్చి మీ లెక్కలో కలపకండి.

దొంగతనాల సంగతి పోలీసు పోర్టల్‌లో చూడండి. అత్యాచారం వంటి సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను నెట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఠాణా ఎంచుకుని ఆరు నెలలవి తిరగేయండి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఒక ఠాణా కింద చాలా సాహిలుంటాయి, బజారులో పోయిన బండి కూడా ఆ లెక్కలోనే పడుతుంది. అందుకని ఘటన జరిగిన చోటు చదవాలి, మొత్తం అంకె కాదు.

తర్వాత మూడుసార్లు వెళ్లండి: కుళాయి వచ్చే వేళకు, సాయంత్రం ఏడింటికి, ఆదివారం రాత్రి పదిన్నరకు. ఇంట్లో ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి, రాత్రి దారి గురించి వాళ్ల మాటే ఖాయం. పది స్తంభాల్లో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. ట్యూషన్ నుంచి ఆడపిల్లలు సైకిళ్ల మీద ఒంటరిగా వస్తున్నారా, అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్నారా చూడండి. ఆటో రానంటే ఎందుకో అడగండి. చాలాసార్లు భయం కాదు, సందులో బండి తిప్పుకోవడానికి చోటుండదు. ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో చూసిన రద్దీని, మైకుల హోరును ఏడాది పొడవునా ఉండేదనుకోకండి.

"ఇది మంచి చోటేనా?" అని ఎవరినీ అడగవద్దు. ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు. టిఫిన్ బండి దగ్గర "మాఉసీ, పాణి కేతేబేళే ఆసే?" అని ఒడియాలో నీళ్లొచ్చే వేళ అడిగితే చాలు, మిగతా కబుర్లు వాటంతటవే వస్తాయి. తెలుగులో జవాబిచ్చేవాళ్లూ తగులుతారు.

అసలు కష్టం ఎక్కువగా నీళ్లతోనే, దొంగలతో కాదు. 15 లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు పడితే గంటకు 180 లీటర్లే. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540 కావాలి. కుళాయి గంటే వస్తే బోరో, సంపో ఉండి తీరాలి.

ఇక గోడ. వీధి గుమ్మం పక్కన వంగి, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా చూడండి. తెల్లటి ఉప్పు పూత, వేలితో గీస్తే పొడిగా రాలే సున్నం, కింది భాగానికి మాత్రమే కొత్త రంగు కనబడితే అక్కడ తేమ ఉన్నట్టే. వాననీళ్లు లోపలికొస్తాయేమో పక్కింట్లో అడగండి. సిమెంటు మీద సిమెంటు పోసి రోడ్డు పెరిగి, గడప జానెడు కిందికి దిగిపోయిన ఇళ్లలో ఇది మామూలు. బరంపురానికి అక్టోబరులోనూ పెద్ద వానలొస్తాయి, ఫైలిన్ తుపాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. ఎండాకాలంలో చూసి మురిసిపోవద్దు.

దీపాల్లేని సందు, మూలమీద తాగుబోతుల గుంపు, పొంగే కాలువ కళ్లారా కనబడితే ఆ ఇల్లు వద్దనండి, సాహి మొత్తాన్ని కాదు. రెండు సందుల అవతల మంచి ఇల్లే దొరకవచ్చు.

కుదిరితే 11 నెలల కాగితం రాసుకోండి. ఏడాదికి పైబడిన అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించక తప్పదు. ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చన్న షరతు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారన్నది అందులోనే రాయించుకోండి.