పాస్ట్ టెన్స్ రాలేదని తేల్చేముందు ఒక్కసారి రాయించి చూడండి

లక్షణం: "నిన్న ఏం చేశావు?" అని ఇంగ్లీషులో అడిగితే పిల్లవాడు "యెస్టర్‌డే ఐ వాక్ ఆన్ ది బీచ్" అంటాడు. 'వాక్' చివర రావాల్సిన 'ఈడీ' వినపడదు. విశాఖలో గాజువాకలోనైనా మధురవాడలోనైనా టీచర్లు వెంటనే చేసేది ఒకటే: బోర్డు మీద వీ వన్, వీ టూ, వీ త్రీ పట్టిక. వారం తర్వాత మళ్ళీ అదే 'వాక్'. అప్పుడింక "వీడికి గ్రామర్ ఎక్కదు" అనే ముద్ర.

దయచేసి పట్టిక రాయకముందే ఆ పిల్లవాడికి కాగితం ఇచ్చి, నిన్నటి సంగతే నాలుగు వాక్యాలు రాయమనండి. ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసి నెలల తరబడి డ్రిల్లు చేయించడం ఎన్ని బడుల్లో చూశానో!

రాతలోనూ 'ఈడీ' లేకపోతే అది గ్రామరే. ఎలా నేర్పాలో మీకు తెలుసు. రాతలో ఉండి నోట రాకపోతే మాత్రం ఆగండి. మూడు రకాల క్రియలతో మాట్లాడించండి: వెంట్, సా లాంటివి, వాంటెడ్, నీడెడ్ లాంటివి, వాక్‌ట్, ఆస్క్‌ట్, హెల్ప్‌ట్ లాంటివి. (మూడో రకం వాక్, ఆస్క్, హెల్ప్ అనే క్రియల పాస్ట్ టెన్సే, అక్కడ 'ఈడీ'ని వట్టి 'ట్' అని పలుకుతాం.) మొదటి రెండు రకాలూ చక్కగా వచ్చి మూడోది మాత్రమే తెగిపోతోందా? అయితే వాడికి పాస్ట్ టెన్స్ తెలుసు. తెలియకపోతే 'వెంట్' బదులు 'గో' అని ఉండేవాడు. ఇబ్బంది అంతా మాట చివర వరసగా వచ్చే హల్లుల దగ్గర.

1967లో పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త భాష నేర్చుకునేవాళ్ళ తప్పులను రెండుగా విడదీశాడు: తెలిసీ జారేవి, నియమమే వేరుగా ఒంటబట్టినవి. మన పిల్లల 'వాక్' ఈ రెంటిలోనూ ఇమడదు. నియమం తెలుసు, అయినా ప్రతిసారీ జరుగుతుంది. అందుకే టీచర్లు ఇక్కడ ఇంతగా మోసపోతారు.

తెలుగు మాట మామూలుగా అచ్చుతోనో సున్నతోనో ముగుస్తుంది. అందుకే పెద్దవాళ్ళ నోట బస్ 'బస్సు' అయింది. ఇప్పటి పిల్లలు 'బస్' అని ఆపగలరు, ఒక్క హల్లుతో వాళ్ళకు ఇబ్బంది లేదు. రెండు మూడు హల్లులు కలిసి మాట చివర ఆగాల్సి వస్తేనే చిక్కు. అలాగని నోటికి సంయుక్తాక్షరాలు కొత్త కాదు. 'శాస్త్రం'లో మూడు హల్లులు వరసగా ఉన్నాయి, మూడో తరగతి పిల్లకూ తిరుగుతుంది. ఎందుకంటే వాటి వెనక ఒక అచ్చు ఉంది, హల్లులు దాన్ని ఆనుకుంటాయి. 'ఆస్క్‌ట్' చివర ఆనుకోవడానికి ఏమీ లేదు. దాంతో చివరి హల్లు రాలిపోతుంది. లేదంటే మధ్యలో అచ్చు దూరి 'ఆస్కెడ్' అవుతుంది.

పరిష్కారం కూడా ఇక్కడే ఉంది: ఆ అచ్చును పక్క మాట నుంచి తెచ్చుకోండి. 'ఆస్క్‌ట్ అబౌట్'ను ఆస్క్-టబౌట్ అని, 'వాక్‌ట్ ఇన్'ను వాక్-టిన్ అని, 'హెల్ప్‌ట్ అస్'ను హెల్ప్-టస్ అని విడదీసి పలికించండి. ఇంగ్లీషు వాళ్ళు గబగబా మాట్లాడేటప్పుడు కలిపేదీ ఇలాగే. కొన్నాళ్ళు అచ్చుతో మొదలయ్యే మాట పక్కనున్న వాక్యాలే ఇవ్వండి. నోరు తిరిగాక పక్క మాట తీసేసి ఒంటరిగా పలికించండి.

పక్క మాట హల్లుతో మొదలైతే ('వాక్‌ట్ ఫాస్ట్' లాంటివి) ఆ 'ట్' మీద పట్టుపట్టకండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళూ అక్కడ చాలాసార్లు మింగేస్తారు. అందుకు మార్కులు కోయడం అన్యాయం.

మీ నోరు కూడా ఒకసారి చూసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. క్రియ చివర ట, డ శబ్దం ఉంటేనే 'ఇడ్' అని అచ్చు పలుకుతుంది: వాంటిడ్, నీడిడ్. క, ప, ఫ, స, ష, చ శబ్దాల తర్వాత వట్టి 'ట్'. మిగతా చోట్ల వట్టి 'డ్'. స్పెల్లింగ్ చూసి టీచరే 'వాకెడ్' అంటుంటే పిల్లలు ఏం పట్టుకుంటారు?

'హి హెల్ప్' అని 'ఎస్' వదిలేసే వాళ్ళకూ ఇదే పరీక్ష. 'హి వాచెస్' సరిగ్గా వచ్చి 'హెల్ప్స్' రాకపోతే ఇబ్బంది నోటిదే. రెండూ రాకపోతే గ్రామర్. 'టూ డెస్క్' అన్నా ఇంతే.

'మై ఫాదర్ ఫిషర్‌మ్యాన్' సంగతి వేరు. 'మా నాన్న జాలరి' అన్న తెలుగు వాక్యంలో క్రియే లేదు, అవసరమూ లేదు. అది చెప్పకుండా 'ఈజ్' మీద డ్రిల్లు పెంచితే 'హి ఈజ్ గో' మొదలవుతుంది. 'నాన్న జాలరి', 'నాన్న వెళ్తాడు' పక్కపక్కన రాసి, పని చెప్పే మాట లేని చోట ఇంగ్లీషు 'ఈజ్' అడుగుతుందని చూపించండి.

ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలైతే? తేడా ఏమీ లేదు, ఒడియాలోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. హిందీ ఇళ్ళ పిల్లలకు 'దోస్త్' లాంటివి అలవాటే కనుక ఈ చిక్కు తక్కువ. తెలుగు మాటలు కూడా మళ్ళీ మళ్ళీ అడిగించుకునే పిల్లలుంటే అది ఇంగ్లీష్ క్లాసులో తేలేది కాదు. తల్లిదండ్రులతో మాట్లాడి చెవి డాక్టర్‌కి చూపించమనండి.