పర్యాటక రంగంలో పనిచేసేవారు పాడ్‌కాస్ట్‌లను ఎలా వినాలి? విన్నదాన్ని సందర్శకులకు ఎలా చెప్పాలి?

గండికోట, బెలుం గుహలు, లేపాక్షి వంటి చోట్ల సందర్శకులను వెంటబెట్టుకొని తిరిగే గైడ్లు, టికెట్ కౌంటర్లలో కూర్చునేవారు, ట్రావెల్స్ నడిపేవారు ఇప్పుడు పాడ్‌కాస్ట్‌లు, అంటే ఫోనులో భాగాలుగా వినే ఆడియో కార్యక్రమాలు, వింటున్నారు. అది మంచి అలవాటు. అయితే ఉదయం బస్సులో విన్న ముక్కను మధ్యాహ్నం కోట గుమ్మం దగ్గర యథాతథంగా అప్పజెప్పేవారు ఎక్కువయ్యారు. విన్నదానికీ చెప్పేదానికీ మధ్య చేయవలసిన పని ఒకటుంది, దానిని దాదాపు అందరూ వదిలేస్తున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ పని గురించే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఫోను, ఇయర్‌ఫోన్లు, జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్ను చాలు. నోట్సు పుస్తకంలోనే రాయాలి, ఫోనులో రాయకూడదు. ఫోనులో రాసుకున్నది మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. ఎపిసోడ్లను ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవాలి. పనిలో ఉన్నప్పుడు ఒక్క చెవిలో కూడా ఇయర్‌ఫోన్ కనిపించకూడదు.

మొదటి దశ: ఎంపిక

మూడింటికి మించి పెట్టుకోకూడదు. వృత్తికి సంబంధించినది ఒకటి, చరిత్రకు సంబంధించినవి రెండు ఉంటే సరిపోతుంది. సందర్శన స్థలాల నిర్వహణలో ఉన్నవారికి బ్రిటన్ నుంచి వచ్చే ‘స్కిప్ ద క్యూ’, అమెరికా నుంచి వచ్చే ‘అట్రాక్షన్‌ప్రోస్’ పనికొస్తాయి. ఈ రెండింటిలోనూ ఆ స్థలాలను నడిపేవారే వచ్చి మాట్లాడతారు. చిన్న టూర్ వ్యాపారం ఉన్నవారు ‘టూర్‌ప్రెన్యూర్’ వినాలి. చరిత్రకు అనిరుద్ధ్ కనిశెట్టి ‘ఎకోస్ ఆఫ్ ఇండియా’, విలియం డాల్రింపుల్, అనితా ఆనంద్ కలిసి చేసే ‘ఎంపైర్’ మంచివి. ఇవన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి అలవాటు లేనివారు వేగాన్ని కొంచెం తగ్గించి వినాలి. సమయం కలిసొస్తుందని వేగం పెంచి వినడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. పేర్లు, సంవత్సరాలు జారిపోయేది అక్కడే.

యూట్యూబ్ వీడియోలు చూస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. సరిపోదు. వీడియో చూసినవారి మనసులో డ్రోన్ తీసిన గండికోట నిలిచిపోతుంది, సందర్శకుడు నిలబడి చూసే గండికోట నిలవదు. పైనుంచి కనిపించే పెన్నా లోయను వర్ణిస్తూ ఉంటే, ఎదుట నిలబడ్డ మనిషికి తన కళ్లముందున్న ఎర్రరాతి అంచుకూ ఆ వర్ణనకూ పొంతన కుదరదు. చెవితో విన్నప్పుడు బొమ్మను మనమే కట్టుకోవాలి. రోజూ చూసే చోటు కాబట్టి మనం కట్టుకునే బొమ్మ సరైనదే అవుతుంది.

రెండవ దశ: వినడం

పనికి వెళ్లే ముందు, తెల్లవారుజామున వినాలి. మొదటిసారి రాయకుండా వినాలి, రెండవసారి రాసుకుంటూ వినాలి.

మూడవ దశ: విన్నదాన్ని వడకట్టడం

జాగ్రత్త అంతా ఇక్కడే కావాలి. రాసుకున్న ప్రతి వాక్యం పక్కన అది ఏ రకానికి చెందినదో గుర్తు పెట్టాలి. ఆ స్థలంలో కంటికి కనిపించేది ఒక రకం, శాసనంలోనో రికార్డులోనో రాసి ఉన్నది రెండవ రకం, జనం చెప్పుకొనేది మూడవ రకం. పాడ్‌కాస్ట్‌లో మాట్లాడేవారు ఎంత చదువుకున్నవారైనా ఈ మూడూ ఒకే గొంతుతో, ఒకే వేగంతో దొర్లిపోతాయి కాబట్టి విడదీసే బాధ్యత వినేవారిదే.

లేపాక్షి వేలాడే స్తంభాన్నే తీసుకోండి. స్తంభం కింది భాగానికీ నేలకూ మధ్య సందు ఉంది, పలుచని గుడ్డను ఒకవైపు నుంచి మరోవైపుకు లాగవచ్చు. ఇది కంటికి కనిపించేది. ఆలయ నిర్మాణం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలానిదని, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు దానికి కారకులని చెప్పడానికి చరిత్ర ఆధారం ఉంది. ఒక బ్రిటిష్ ఇంజనీరు స్తంభం రహస్యం తెలుసుకోవాలని దానిని కదిలించబోయాడన్నది, విరూపణ్ణ తన కళ్లను తానే పెరికి గోడకు విసిరాడన్నది జనం చెప్పుకొనేవి. వాటిని చెప్పవద్దని నేను అనను, తప్పకుండా చెప్పాలి. అయితే ‘ఇక్కడివారు ఇలా చెప్పుకొంటారు’ అన్న మాట ముందు పెట్టి చెప్పాలి. ఆ మాట మింగేస్తే, ఇంటికి వెళ్లి పుస్తకం తెరిచిన సందర్శకుడు మనం చెప్పిన నిజాలను కూడా నమ్మడు.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులు నడవగలిగేది సుమారు కిలోమీటరున్నర. పాడ్‌కాస్ట్‌లో మొదటి అంకె విని ‘మూడు కిలోమీటర్లు నడవాలి’ అని చెబితే మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. జిల్లాల పేర్లు కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌కు ముందు రికార్డు చేసిన ఎపిసోడ్లలో బెలుం కర్నూలు జిల్లాలోనూ, లేపాక్షి అనంతపురం జిల్లాలోనూ ఉంటాయి. ఇప్పుడు అవి నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఉన్నాయి.

సందేహం వస్తే మరొక పాడ్‌కాస్ట్ విని తీర్చుకోకూడదు, ఎందుకంటే ఒకరు విన్నదే మరొకరు చెబుతూ ఉండవచ్చు. స్మారకం దగ్గర పురావస్తు శాఖ పెట్టిన బోర్డు చదవాలి. కడప దగ్గరివారు సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి, ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కడప జిల్లా కైఫీయత్తుల (ఊళ్ల స్థానిక చరిత్రల) సంపుటాలను తిరగేయాలి. కైఫీయత్తుల్లోనూ ఐతిహ్యాలు ఉంటాయి, కాని ఏ ఊరివారు ఏమి చెప్పారో అక్కడ రాతలో దొరుకుతుంది. రెండు చోట్లా దొరకని సంగతిని పుస్తకంలోనే ఉంచుకోవాలి, సందర్శకుల ముందుకు తేకూడదు.

నాలుగవ దశ: మన చోటికి ముడివేయడం

పాడ్‌కాస్ట్‌లు దేశం మొత్తం గురించి మాట్లాడతాయి, మన ఊరి పేరు వాటిలో రాకపోవచ్చు. అశోకుడి మీద ఎపిసోడ్ విన్నవారు దానిని గుత్తికి సమీపంలోని ఎర్రగుడి శిలాశాసనాల దగ్గరికి తీసుకురావాలి. ఈస్టిండియా కంపెనీ పాలన గురించి విన్నవారు దానిని గుత్తి కోటకు తేవాలి. 1800లో నిజాం ఈ దత్తమండలాలను (నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను) కంపెనీకి ఇచ్చాక ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1827 జులైలో పత్తికొండలో కలరాతో మరణించాడు. అతణ్ణి గుత్తిలో ఖననం చేసి, తరువాత అవశేషాలను మద్రాసుకు తరలించారు. విజయనగరం ఓడిపోయిన తళ్లికోట యుద్ధం గురించి విన్నవారు, 1565 తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారిందని అక్కడి కోటగోడ చూపిస్తూ చెప్పాలి.

గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని పరిచయం చేయకూడదు. ఆ మాట ఏ ఎపిసోడ్‌లో విన్నా అక్కడే వదిలేయాలి. పెన్న ఎర్రమల కొండలను కోసుకొని పారిన తీరు, లోయ అంచునే కోటగా వాడుకున్న పెమ్మసాని నాయకుల నేర్పు, 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, పక్కపక్కనే నిలిచిన మాధవరాయ ఆలయం, జామియా మసీదు ఉండగా మనకు అమెరికా లోయ నుంచి తెచ్చుకున్న అరువు పేరు అక్కర లేదు.

నిర్వహణ గురించిన ఎపిసోడ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. విదేశాల్లో చేసినదంతా మన దగ్గర నడవదు. కాని ‘లోపలికి వెళ్లేముందే ఎంత దూరం, ఎక్కడినుంచి వెనక్కి రావచ్చు, ఎంత ఉక్కపోతగా ఉంటుంది’ అని చెప్పే పద్ధతిని బెలుంలో రేపటినుంచే మొదలుపెట్టవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

ఐదవ దశ: చెప్పడం, తరువాతి పని

కొత్త సంగతిని మొదట తోటి గైడుకు చెప్పి చూడాలి. రెండు నిమిషాలు దాటితే కోయాలి. రోజు ముగిశాక సందర్శకులు అడిగిన, జవాబు ఇవ్వలేకపోయిన ప్రశ్నలను నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకోవాలి. తరువాత ఏ ఎపిసోడ్ వినాలో ఆ పేజీయే నిర్ణయించాలి. వడకట్టడం పూర్తయిన ఎపిసోడ్లను ఫోనులోంచి తీసేసి, ఆ తరువాతే కొత్తవి డౌన్‌లోడ్ చేసుకోవాలి.