అతుకుల బొంత పాఠాలు – 9: మిగిలిపోయిన బ్లాకులు

పోయిన పాఠంతో బొంత పైభాగం పూర్తయింది. వరసకు ఐదు చొప్పున ఆరు వరసలు, మొత్తం 30 బ్లాకులు, అంటే తొమ్మిదేసి చదరపు ముక్కలు కలిపి కుట్టిన గళ్ల గుడ్డలు. ఇప్పుడు మీ మిషన్ పక్కన మూడో నాలుగో బ్లాకులు మిగిలి ఉండాలి. ఏమీ మిగల్లేదంటే మీరు నాకన్నా గట్టివాళ్లే. నాకు మొదటి బొంతకు ఏడు మిగిలాయి.

వాటిని ఒక కవర్లో కుక్కి బీరువా మీద పడేశాను. తర్వాత ఎప్పుడైనా ఇంకో బొంత కుడదామనుకున్నాను. ఆ ఇంకో బొంత మొదలుపెట్టేసరికి అప్పటి రంగులు నచ్చలేదు. అందుకే ఈ పాఠం ఇప్పుడే పెడుతున్నాను. చేతిలో వేడి ఉండగానే వీటి పని చూసేద్దాం.

ముందు ఒక్కో బ్లాకునూ తిరగేసి ఇస్త్రీ చేయండి. పెట్టెను అటూ ఇటూ రుద్దితే గుడ్డ సాగి వంకర పోతుంది. పైనుంచి అదిమి ఎత్తండి, అంతే. తర్వాత టేపు పెట్టి కొలవండి. అంచు దగ్గర కాదు, నడిమధ్యన. అంచులు సాగి ఉంటాయి, మధ్య కొలతే అసలు కొలత. అడ్డంగా, నిలువుగా రెండూ చూసి, తక్కువ వచ్చిన అంకెను చిన్న చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చండి. మనం 4½ అంగుళాల ముక్కలతో కుట్టాం కాబట్టి తొమ్మిది గళ్ల బ్లాకు 12½ రావాలి. మిగిలినవాటిలో ఒకటి రెండు 12 కన్నా తగ్గి ఉంటాయి, చూడండి. పావు అంగుళం కుట్టు కాస్త లావుగా పడితే అంతే సంగతులు. రెండు కుట్లకూ ఇరువైపులా ఆ కాస్తా కలిసి అర అంగుళం మింగేస్తుంది.

తగ్గిందని పారేయకండి. ఈ పాఠంలో ప్లాను కొలతతో మనకు పనిలేదు. చీటీ మీద ఉన్న అంకె నుంచే మొదలుపెడతాం.

దిండు గలీబు

బజార్లో దొరికే 16 అంగుళాల సోఫా దిండు తీసుకోండి. దాని గలీబుకు ముందుభాగం కుట్టు మార్జిన్‌తో కలిపి 16½ ఉండాలి. మీ బ్లాకు అంత లేదు, కాబట్టి చుట్టూ పట్టీ వేయాలి. పట్టీ వెడల్పు ఎంతంటే, 16½ లోంచి మీ బ్లాకు కొలత తీసేయండి. మిగిలింది సగం చేయండి. దానికి అర అంగుళం కలపండి. బ్లాకు 12½ అయితే పట్టీ 2½. బ్లాకు 12 ఉంటే పట్టీ 2¾. ఎంత తప్పిన బ్లాకైనా ఈ లెక్కలో సర్దుకుంటుంది.

మొదట ఎదురెదురు వైపులకు రెండు పట్టీలు, బ్లాకు అంత పొడవువి. వాటిని ఇస్త్రీ చేశాక మిగతా రెండు వైపులకు 16½ పొడవువి. నాలుగూ ఒకేసారి కుట్టేద్దామని తొందరపడితే మూలలు కలవవు.

గుడ్డ ఎంత కొనాలి? 44 అంగుళాల పన్నా పాప్లిన్ అర మీటరు చాలు. అందులో ముందు 12 అంగుళాలు అడ్డంగా కోసి, దాన్నుంచి 16½ × 12 ముక్కలు రెండు తీయండి. అవి వెనక భాగానికి. మిగిలిన దాంట్లో పొడుగ్గా రెండు పట్టీలు వస్తాయి, నాలుగు వైపులకూ సరిపోతాయి. రంగు విషయంలో గంతకు తగ్గ బొంత అనిపించుకోకుండా బ్లాకులో తక్కువగా ఉన్న రంగునే పట్టీకి ఎంచుకోండి. ఎక్కువగా ఉన్న రంగే మళ్లీ చుట్టూ వేస్తే బ్లాకు అందులో కలిసిపోతుంది.

పట్టీలు వేశాక బ్లాకు వెనక మెత్తబడిన పాత నేత చీర ముక్క పెట్టి, చేత్తో బారు కుట్లు వేయండి. మన ఇళ్లలో పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి బొంత కుట్టేది ఇలాగే కదా. ఇది కేవలం అందం కోసం కాదు. లోపలి అంచులు పోగులు ఊడకుండా ఆ చీర ముక్క కాస్తుంది.

ఇక వెనక భాగం. 16½ × 12 ముక్కలు రెండింటికీ ఒక్కో పొడుగు అంచును ముందు అర అంగుళం, తర్వాత ఒక అంగుళం మడిచి కుట్టండి. బ్లాకును మంచివైపు పైకి పెట్టి, దాని మీద ఈ రెండు ముక్కలూ మంచివైపు కిందికి ఉండేలా పరవండి. మడిచిన అంచులు మధ్యలోకి రావాలి. నాలుగున్నర అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చుట్టూ కుట్టి, మూలల దగ్గర కుట్టు తెగకుండా కొసలు కత్తిరించి తిరగేయండి. జిప్పు గొడవ లేదు. ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కిన చోట మాత్రం కుట్టును రెండుసార్లు నడపండి, దిండు దూర్చేటప్పుడు మొదట పిగిలేది అక్కడే.

కోసి తిప్పడం

కొలత సరిగ్గానే ఉండి రంగులు కలవక పక్కన పెట్టిన బ్లాకు ఉంటే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. చేయడానికి మాత్రం ధైర్యం కావాలి.

12½ బ్లాకును నిలువుగా సరిగ్గా 6¼ దగ్గర కోయండి. కదపకుండా అడ్డంగా కూడా 6¼ దగ్గర కోయండి. నాలుగు ముక్కలొస్తాయి. ఒక్కో ముక్కలో ఒక పెద్ద గడి, రెండు సగం గళ్లు, నడిమి గడిలోంచి తెగిన ఒక చిన్న గడి ఉంటాయి. ఇప్పుడు ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు ముక్కలను మాత్రం తలకిందులు చేయండి. ఆ రెండింటిలో చిన్న గళ్లు బయటి మూలలకు పోతాయి, పెద్ద గళ్లు మధ్యలోకొస్తాయి. తొమ్మిది గళ్లని ఎవరూ కనిపెట్టలేరు. కుట్టే ముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి, లేకపోతే మిషన్ దగ్గరికి వెళ్లేసరికి ఏది ఎటు తిప్పామో మర్చిపోతాం.

మళ్లీ కలిపి కుట్టాక బ్లాకు 12 అంగుళాలే ఉంటుంది, అర అంగుళం కొత్త కుట్టులోకి పోయింది. కాబట్టి దీన్ని పాత బ్లాకుల పక్కన పెట్టి కుట్టొద్దు. దిండు లెక్కలోకి తెచ్చేసుకోండి, పట్టీ 2¾.

అమెరికాలో బొంతలు కుట్టేవాళ్లు ఇలా మిగిలినవాటిని ఆర్ఫన్ బ్లాకులంటారు. అనాథలన్నమాట. వాళ్లు చాలామంది వీటిని బొంత వెనకవైపు వేసేస్తారు. మనకూ అది పనికొస్తుంది. 44 పన్నా గుడ్డ 60 అంగుళాల బొంతకు ఎలాగూ చాలదు, అతుకు పడాల్సిందే. ఆ అతుకు దగ్గరే మిగిలిన బ్లాకులను పట్టీలతో కలిపి నిలువు వరసగా దించేయండి.

వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డకైతే మరీ చిన్న బ్లాకు, రెండు పొరల పాత టవలు చాలు. ఒక్కటే షరతు, అన్నీ నూలువే కావాలి. పాలిస్టర్ ముక్క గానీ, బజారులో దొరికే పాలిస్టర్ ఫైబర్ గానీ స్టవ్ దగ్గరకు రాకూడదు, కరిగి చేతికి అంటుకుంటుంది.

ఇంకో మాట. బ్లాకులో ఎర్ర కలంకారీ ముక్క ఉందా? తడిగుడ్డతో రుద్ది చూడండి. నేను పెడన కలంకారీ ఎరుపు పక్కన తెల్ల మంగళగిరి నూలు కుట్టాను, ముందు ఉతకలేదు. మొదటి ఉతుకుకే తెలుపు గులాబీ అయింది. అనుకుని చేసినట్టే ఉంది అన్నారు ఇంట్లోవాళ్లు, అదొక్కటే ఊరట. రంగు అంటితే ఆ బ్లాకును పక్కన పెట్టేయండి.

ఈ వారం ఒక గలీబు పూర్తి చేయండి. కోసి తిప్పడానికి ఇంకొక్క బ్లాకు మాత్రం ముట్టుకోకుండా ఉంచండి. 10వ పాఠంలో జోలె సంచికి అది కావాలి, దాంతో పాటు మూరెడు పొడవు మందపాటి పట్టీ కూడా.