జ్ఞాన దంతం పీకించుకున్నారా? ముందు ఉమ్మడం ఆపండి

పన్ను పీకడం డాక్టరు పని. ఆ తర్వాత ఓ వారం పాటు ఆ గుంతని కాపాడుకోవడం మన పని, మనవాళ్ళు తేడా చేసేది కూడా ఎక్కువగా అక్కడే. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి చాలామంది బరంపురమో శ్రీకాకుళమో వెళ్ళి పీకించుకుని, అదే రోజు బస్సెక్కి వచ్చేస్తుంటారు కదా, అందుకని జాగ్రత్తలు బస్సులోనే మొదలుపెట్టాలి.

పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. మోకాలు చెక్కుకుపోతే పైన పక్కు కట్టినట్టు, గాయం మానేది ఆ గడ్డ కిందే. గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, బుగ్గలు ఊగిపోయేలా పుక్కిలించినా అది ఊడి వచ్చేస్తుంది. ఊడితే లోపల ఎముక బయటపడుతుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు, కింది దవడ జ్ఞాన దంతాలకి ఎక్కువగా వస్తుంది. అప్పటిదాకా కాస్త తగ్గిన నొప్పి మూడో రోజు, నాలుగో రోజు మళ్ళీ లేచి చెవిలోకీ కణతలోకీ పాకుతుంది, నోరు వాసన కొడుతుంది, మామూలు మాత్రకి లొంగదు. అలా అయితే ఇంట్లో పళ్ళ బిగువున ఓర్చుకోకండి. డాక్టరు గుంత కడిగి మందు పెడితే చాలావరకు త్వరగానే ఊరట వస్తుంది.

సరే, బస్సు సంగతి. నోట్లో పెట్టిన గాజుగుడ్డని డాక్టరు చెప్పినంతసేపు, మామూలుగా అరగంట నుంచి ముప్పావుగంట, గట్టిగా కొరికి పట్టుకోండి. ఎంత రక్తం వచ్చిందో చూద్దామని మాటిమాటికీ తీయొద్దు. లాలాజలం మింగేయండి, కిటికీ పక్క సీటు దొరికింది కదా అని తుపుక్కున ఉమ్మకండి. మొదటి రోజంతా లాలాజలం ఎర్రగానే కనిపిస్తుంది, ఒక్క చుక్క రక్తం నోరంతా రంగు పులిమేస్తుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. నిజంగానే రక్తం ఊరుతుంటే కొత్త గాజుగుడ్డ మడిచి, తడిపి, మరో అరగంట నిటారుగా కూర్చుని కొరికి పట్టండి. గాజుగుడ్డ లేకపోతే మామూలు టీ బ్యాగు వేడినీళ్ళలో ముంచి, చల్లారాక పిండి పెట్టుకోవచ్చు, తేయాకులో ఉండే వగరు రక్తం కట్టడానికి పనికొస్తుంది.

పెదవి, నాలుక మొద్దుబారి కొన్ని గంటలుంటాయి. ఆలోపు దారిలో బస్సు ఆగింది కదా అని వేడి చాయ్ తాగొద్దు, కాలినా తెలీదు, పెదవి కొరుక్కున్నా తెలీదు. నొప్పి మాత్ర మాత్రం మొద్దుబారినతనం పూర్తిగా వదలకముందే వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే అది పనిచేసేదాకా మీకు చుక్కలు కనిపిస్తాయి.

బయల్దేరేముందు రెండు విషయాలు అడగండి. ఏ మాత్ర దేనికి, ఎప్పుడు? కుట్లు వాటంతటవే కరుగుతాయా, తీయించుకోవాలా? డాక్టరు ఒడియాలో గబగబా చెప్పేస్తే మళ్ళీ చెప్పించుకోండి. ఇంట్లో మందులిచ్చే అమ్మకి తెలుగే చదవడం వస్తే, ఆ స్ట్రిప్పు మీదే పెన్నుతో ‘పొద్దున, రాత్రి, తిన్నాక’ అని రాసేయండి. రక్తం పలచన చేసే మందులు, షుగరు, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, సికిల్ సెల్ (రక్తకణాల జబ్బు) లాంటివి ఉంటే పీకకముందే చెప్పాలి. కొందరికి ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర పడదు, ఆ సంగతి డాక్టరుకి మనం చెబితేనే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక గుడ్డలో ఐసు చుట్టి బుగ్గ మీద ఓ పావుగంట పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఇది మొదటి ఒకటి రెండు రోజులు. రెండు తలగడలు వేసుకుని పడుకోండి. వాపు రెండో, మూడో రోజుకి బాగా పెరుగుతుంది, అద్దంలో చూసుకుని హడలిపోకండి, ఆ తర్వాత దిగుతుంది. రెండు రోజులు దాటాక గోరువెచ్చని కాపడం పెడితే దవడ బిగువు సడలుతుంది. నీళ్ళ బిందెలు, బస్తాలు మొయ్యడం, వంగి చేసే పనులు కొన్నాళ్ళు ఎవరికైనా అప్పగించండి.

ఇక పొగాకు. మన వైపు ఇదే అసలు చిక్కు. పొద్దున్న లేస్తూనే వేలితో గుడాకు రుద్దుకునేవాళ్ళున్నారు, ఖైని దవడ సందున పెట్టుకునేవాళ్ళున్నారు, నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే మామ్మలు ఇంకా ఉన్నారు. గుడాకు రుద్దే వేలు నేరుగా ఆ పుండు దగ్గరికే వెళ్తుంది. చుట్ట పీల్చే ఊపుకి గడ్డ లేచిపోతుంది, పొగ వల్ల చిగురుకి రక్తం సరిగ్గా అందదు, అడ్డపొగైతే పైనుంచి వేడి కూడా. కనీసం మూడు రోజులు, వీలైతే వారం పైన, వీటి జోలికి పోవద్దు. కిళ్ళీ కూడా అంతే, సున్నం, వక్కపలుకు పుండులో పడితే ఆ మంట చెప్పనలవి కాదు. మామ్మకి ‘మానెయ్’ అంటే వినదు, ‘పుండు మానేదాకా ఆగు’ అంటే వినొచ్చు!

తిండి దగ్గరికొస్తే, మొదటి రోజు చల్లగా, జారుగా ఉన్నవే. చోడి (రాగి) అంబలి చల్లార్చి మజ్జిగ కలిపితే దానికి మించింది లేదు, కడుపూ నిండుతుంది, నమలక్కర్లేదు. పెరుగు, పాలు, గ్లాసులో పోయించుకున్న కొబ్బరినీళ్ళు (బోండాంలో స్ట్రా వేసుకోకండి). పఖాళ (నీళ్ళలో పులియబెట్టిన అన్నం) తినొచ్చా అని అడుగుతారు. మొదటి రోజు వద్దు, పులిసిన నీళ్ళు పుండుకి చురుక్కుమంటాయి, మెతుకులు గుంతలో దూరతాయి. రెండో రోజు నుంచి మెత్తగా గుజ్జు చేసిన పప్పన్నం, కారం లేని దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), గోరువెచ్చగా. రసగుల్లాకి నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. బరంపురం అప్పడాలు, మరమరాలు, ఆవకాయ మాత్రం వారం పైన పక్కన పెట్టండి. అప్పడం ముక్క అంచు పచ్చి చిగురులో ఎలా దిగుతుందో ఒకసారి ఊహించుకోండి.

24 గంటలు గడిచాక ఉప్పునీళ్ళు మొదలుపెట్టండి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు. నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నోరు తెరిచి నీళ్ళు వాటంతటవే పడిపోనివ్వాలి. తిన్న ప్రతిసారీ ఇలా చేయండి. మిగతా పళ్ళు మరుసటి రోజు నుంచి మెల్లగా తోముకోవచ్చు, ఆ మూల మాత్రం వదిలేయండి. లవంగం దంచి కూరడం, పసుపు అద్దడం, అగ్గిపుల్లతో గెలకడం, ఇవేవీ వద్దు. చుట్టాలు చెప్తారు, తలూపి ఊరుకోండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలిచ్చి ఉంటే అవి అయిపోయాక కూడా రెండు మూడు రోజులు మద్యం, ఇప్పసారా ముట్టొద్దు, వాంతులయ్యే ప్రమాదం ఉంది.

గట్టిగా కొరికి పట్టినా రక్తం ఆగకపోయినా, మూడో రోజు తర్వాత వాపు పెరుగుతూ పోయినా, జ్వరం, చీము కనిపించినా, మరుసటి రోజుకి కూడా పెదవీ నాలుకా మొద్దుగానే ఉన్నా డాక్టరుకి ఫోన్ చేయండి. మింగడం కష్టమైతే, ఊపిరి అందకపోతే ఫోన్లతో కాలయాపన వద్దు, 108కి చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి, అది ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

పట్టు దారంతో కుట్లేస్తే సుమారు వారానికి తీయించుకోవాలి. నొప్పి తగ్గింది కదా, మళ్ళీ అంత దూరం బస్సెందుకులే అని చాలామంది ఎగ్గొడతారు. దారం చుట్టూ పాచి పేరుకుని చిగురు వాస్తుంది, కాబట్టి వెళ్ళండి. అంత దూరం కుదరకపోతే ఊళ్ళో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి ఆ మందుల చీటీ పట్టుకెళ్ళినా తీసేస్తారు.