బరువు కాదు, నడుం చుట్టుకొలత చూసుకోండి

మా తమ్ముడివి సన్నటి చేతులు, సన్నటి కాళ్లు. పొట్ట మాత్రం బెల్టు మీదకి వచ్చేసింది. "వాడికి షుగరేంటి, బక్కోడు" అంటుంది అమ్మ. మనవాళ్లలో ఈ ఒళ్లు చాలా మామూలు. అందుకే నేను వాడికి టైలర్ టేపు ఇచ్చాను.

చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన టేపు చుట్టండి. ప్యాంటు కట్టే చోట కాదు, అది కిందకి జారి ఉంటుంది. మామూలుగా ఊపిరి వదిలాక కొలత చూడండి, పొట్ట లోపలికి లాగొద్దు. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

చర్మం కింది కొవ్వు కన్నా పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వే ఎక్కువ ప్రమాదం. అప్పుడు, రక్తంలో షుగర్‌ని అదుపు చేసే ఇన్సులిన్ అనే హార్మోన్ "ఆపు" అన్నా కాలేయం వినదు, గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. అందుకే ఏళ్ల తరబడి షుగర్ రిపోర్టు నార్మల్‌గానే రావచ్చు. మెడ వెనక చర్మం నల్లబడి మందంగా అయిందేమో కూడా చూడండి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి అదో గుర్తు కావచ్చు.

కొలత దాటితే పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పరీక్షలు చేయించి డాక్టరుకి చూపించండి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి, తిన్నాక కాసేపు నడవండి. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం ముందు డాక్టర్ని అడగాలి. నెలకోసారి అదే చోట మళ్లీ కొలవండి.